ఆముదం తాగిన అంబాసిడర్

మా చీరాల వాళ్లకు గిద్దలూరు అంటే ఎవరో బదిలీ అయి వెళ్లిన ఊరు. "అటువైపు ఏముందని పోతున్నారు?" అని బయల్దేరే ముందు మా వీధిలో నలుగురు అడిగారు. వెళ్లి వచ్చాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను, చాలా ఉంది. కాకపోతే నేను చూడటానికి వెళ్లలేదు. నా కారును ఒకరికి అప్పగించి రావడానికి వెళ్లాను.

కారంటే పాత అంబాసిడర్. బ్యాంకులో ఉద్యోగం చేసే రోజుల్లో ప్రాక్టీసు మానేసిన ఒక డాక్టరుగారి దగ్గర కొన్నాను. దాని వేషాలు తెలియనివాళ్లు ఎక్కితే నాకు భలే వినోదం. గేరు రాడ్డు కింద ఉండదు, స్టీరింగు పక్కన ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు గొడుగు పిడిలా డాష్‌బోర్డు కింద వేలాడుతుంది, లాగి తిప్పాలి. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే, సర్దుకుంటే ముగ్గురు కూర్చోవచ్చు. హెడ్‌లైటు దించాలంటే ఎడమ కాలితో నేల మీదున్న బొత్తాం తొక్కాలి. బ్యాటరీ చచ్చిందా, ముందు చిల్లులో ఇనప హ్యాండిలు దూర్చి తిప్పి లేపాలి. ఆ తిప్పడం మా ఆయన పని.

మా ఆయన కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. ఆయనకు కారు నడపడం రాదు, నేర్చుకోలేదు, నేర్చుకోమంటే వినలేదు. అందుకని మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే, నడిపే శాఖ నాది, నూనెల శాఖ ఆయనది. ఇంజనుకు ఏ నూనె, గేరుబాక్సుకు ఏది, వెనక ఇరుసుకు ఏది, గ్రీజు ఎక్కడెక్కడ కొట్టాలి, ఇవన్నీ ఫోన్లో వీడియోలు చూసి తేల్చేవారు. డిక్కీలో నా సంచి పెట్టుకోవడానికి చోటుండేది కాదు, అన్నీ ఆయన డబ్బాలే.

ఇన్ని నూనెలు పోసినా బండికి ఒక రోగం కుదరలేదు. గతుకు తగిలితే చాలు, వెనక కమాన్ల దగ్గర, అంటే బరువు మోసే వంపు ఇనప పట్టీల దగ్గర, కీచుమని అరిచేది. మేం సొంత ఇల్లు అమ్మి అపార్టుమెంటులోకి మారాక అది పెద్ద గొడవైంది. పొద్దున నేను కారు తీస్తే మూడో అంతస్తులో పసిపిల్ల లేచి ఏడ్చేది. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని కింద ఫ్లాటు పంతులుగారు సామెత విసిరేవారు. చివరకు అసోసియేషన్ వాళ్లు మర్యాదగానే చెప్పారు, బండో మీరో అన్నట్టు.

అప్పుడే మా ఆయన పాత శిష్యుడి ద్వారా గిద్దలూరు రంగయ్య శెట్టిగారి ఫోన్ వచ్చింది. ఆయనకు అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఆనుకుని ఫొటోలు దిగడానికి పాత అంబాసిడర్ కావాలి. ఇంజను తీసేసి, గులాబీ రంగు వేసి, దిమ్మె మీద నిలబెడతారట. మా ఆయన మాట ఇచ్చేశారు. నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఒక్కటే చెప్పాను. "లారీలో ఎక్కించి పంపడానికి ఒప్పుకోను. నేనే నడుపుకుంటూ వెళ్లి నా చేతుల మీదుగా ఇస్తాను." అదీ ఈ ప్రయాణం.

పొదిలి: టీ కొట్టు దగ్గర వైద్య శిబిరం

ఒంగోలు దాటాక నేల రంగు మారుతుంది. పొగాకు తోటలు, తర్వాత కంది చేలు, తర్వాత ఎర్రమట్టిలో రాళ్లు. మా వైపు పొలం గట్టున నిలబడితే నీళ్లు కనపడతాయి. ఇక్కడ ఎటు చూసినా ఆకాశమే ఎక్కువ. అయినా నాకు ఆ విశాలం నచ్చింది, బండి కూడా హాయిగానే పోయింది.

పొదిలిలో టీకి ఆగాం. ఆగడానికి ముందే స్పీడ్ బ్రేకర్ మీద బండి కీచుమంది కాబట్టి టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా తలలు తిప్పారు. మేం దిగేసరికి చుట్టూ చేరారు. నేను కనిపెట్టింది ఏమిటంటే, ఆ వైపు నడివయసు దాటిన ప్రతి మనిషికీ ఒక అంబాసిడర్ కథ ఉంది. ఒకాయన పెళ్లి దాంట్లోనే అయిందట. ఇంకొకాయన ఆసుపత్రికి పోతూ దాంట్లోనే పుట్టాడట. మూడో ఆయన ఏమీ చెప్పకుండా తలుపు కిటికీ మూలనున్న చిన్న తిప్పుడు అద్దం వంచి, దాని చాటున బీడీ ముట్టించుకున్నాడు.

"చూసినావా, ఎంత గాలికైనా అగ్గిపుల్ల ఆరదు. ఇప్పటి కార్లకు ఈ అద్దం యాడుంది?" అన్నాడు పక్కవాడితో.

తర్వాత వైద్యం మొదలైంది. లారీ డ్రైవరు ఒకడు కమాన్లకు నలభై నంబరు ఆయిలు కొట్టమన్నాడు. బీడీ ఆయన డీజిల్ అన్నాడు. "డీజిల్ ఏంది మామా, తుప్పు పడతది, కొబ్బరి నూనె పెట్టమను" అంది టీ కాచే ఆవిడ. మా ఆయన అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. "ఇంజను ఆయిలు నేను నెలనెలా కొడుతూనే ఉన్నానండీ. రెండు రోజులు ఊరుకుంటుంది, మళ్లీ అరుస్తుంది. మునుపటికన్నా గట్టిగా."

"అట్లయితే అది అలిగింది సార్" అన్నాడు లారీ డ్రైవరు.

టీ పది రూపాయలు, సలహాలు ఉచితం. అలిగిందన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. ఎక్కడికి తీసుకెళ్తున్నానో దానికి తెలిసిపోయిందేమో అనిపించి స్టీరింగు మీద ఒకసారి చెయ్యి వేశాను. మా ఆయన చూశారు.

మార్కాపురం: చెంచాడు నూనె

పొదిలి దాటాక కొత్త జబ్బు బయటపడింది. యాక్సిలరేటరు తొక్కితే బండి వెంటనే అందుకోకుండా దగ్గి, నల్లటి పొగ వదిలేది. చీరాలలో అలా లేదు. వెనక వచ్చే మోటారు సైకిళ్ల వాళ్లు ముక్కు మూసుకుని మమ్మల్ని దాటిపోయారు. అలా దగ్గుకుంటూనే మార్కాపురం చేరాం.

ఊరి బయట దారి పొడుగునా పలకరాయి ముక్కల గుట్టలు. పనికిరాని ముక్కలతో ప్రహరీ గోడలు కూడా కట్టుకున్నారు. నేను ఓనమాలు దిద్దిన పలక ఈ నేలలోంచే వచ్చి ఉంటుంది. ఆగి ఒక ముక్క తీసుకుని బలపం కోసం సంచీ వెతికాను, ఎందుకుంటుంది. గోరుతో నా పేరు గీసి చూసుకుని సరదా తీర్చుకున్నాను.

లాడ్జి ముందు బానెట్ ఎత్తాం. ఈ బండి కార్బురేటరుకు ఒక విచిత్రం ఉంది. దాని నెత్తిన చిన్న నల్ల మూత ఉంటుంది. మర తిప్పి తీస్తే లోపల సన్నటి గొట్టం, అందులో చెంచాడు నూనె. మనం యాక్సిలరేటరు తొక్కినప్పుడు బండి ఎంత తొందరగా ఊపిరి పీల్చాలో ఆ చెంచాడు నూనె చెప్తుంది. అది పల్చగా ఉండాలి. మూత తీసి పుల్ల ముంచితే బెల్లం పాకంలా తీగ సాగింది.

"ఏం పోశారు ఇందులో?" అన్నాను.

"గేరు ఆయిలు. తొంభై నంబరు. పొదిలిలో నువ్వు టీ డబ్బులిస్తుంటే పోశాను, డబ్బాలో కొంచెం మిగిలితేనూ" అన్నారు మా ఆయన. "చివరి ప్రయాణం కదా, చిక్కగా ఉంటే బలంగా ఉంటుందనీ..."

ఆయాసంతో ఉన్నవాడికి అరిసెలు పెట్టినట్టుంది ఈయన వరస. కోప్పడదామనుకున్నాను గానీ చివరి ప్రయాణం అన్నప్పుడు ఆయన గొంతు ఒక రకంగా ఉంది. పుల్ల తుడిచి పక్కన పెట్టాను.

పల్చటి నూనె కోసం చూస్తే ఎదురుగా దర్జీ కొట్టు కనపడింది. దర్జీ పేరు ఖాసిం. నలభై ఏళ్లుంటాయి, మెడలో టేపు. కుట్టుమిషను నూనె కాస్త కావాలని అడిగాను.

"కారుకా అక్కా?" అన్నాడు. "మా మిషను నూనె పోస్తే అది జాకెట్లు కుడతదేమో, చూసుకో."

"కుడితే నీ దగ్గరికే పంపిస్తాలే తమ్ముడూ."

"ఊరికే ఇయ్యను. ఒక రౌండు ఎక్కించుకుంటావా?"

బేరం కుదిరింది. గొట్టంలో పాకమంతా గుడ్డకు తీసి, పెట్రోలుతో తుడిచి, ఖాసిం సీసాలోంచి చెంచాడు పోశాం. బండి దగ్గు పోయింది. ఖాసింని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బజారు చుట్టి వచ్చాను. లైట్లు దించే డిప్పరు బొత్తాం కాలితో తొక్కాలని చెప్తే తానూ తొక్కుతానని పట్టుబట్టి, పట్టపగలు దారి పొడుగునా లైట్లు ఎత్తుతూ దించుతూ కూర్చున్నాడు. ఎదురొచ్చే వాళ్లందరూ మేమేదో చెప్తున్నామనుకుని చేతులూపారు.

మర్నాడు పొద్దున ఉగ్గాని తిన్నాం. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వేసి పుట్నాల పొడి చల్లుతారు, పక్కన మిరపకాయ బజ్జీ. మా కోస్తాలో మరమరాలంటే సాయంకాలం పిల్లల తిండి. ఇక్కడ అదే పొద్దుటి ఫలహారం, ప్లేటు ముప్ఫై రూపాయలు. మా ఆయన రెండు ప్లేట్లు తిని, ఇంట్లో నేను చేసే ఉప్మాను తక్కువ చేసి మాట్లాడారు.

తర్లుపాడు దాటాక: కందెన అనే మాట

దగ్గు పోయింది గానీ కీచు పోలేదు. గతుకుల దారిలో రెట్టింపైంది. తర్లుపాడు దాటి కొంత దూరం పోయాక రేడియేటరు వేడెక్కింది. రోడ్డు పక్క ఇల్లు చూసి ఆపాను. వాకిట్లో ఒక ముసలాయన తాడు పేనుతున్నాడు, అరుగు మీద ఆయన భార్య ఆముదపు కాయలు ఎండబోస్తోంది. ఆయన పేరు పిచ్చయ్య, ఆవిడ తిరుపతమ్మ.

నీళ్లు అడిగితే తిరుపతమ్మ, "మీకా, బండికా?" అంది.

రెంటికీ అన్నాను. మాకు క్యానులో నీళ్లు చెంబుతో తెచ్చింది, బండికి తొట్లో నీళ్లు చూపించింది. "తాగే నీళ్లు కొనుక్కుంటాం అమ్మీ. బోరు నీళ్లు పండ్లు పాడుచేస్తయి. బండికి పండ్లు లేవు గదా" అంది. మా ఊళ్లో పంపు కట్టకుండా మాట్లాడుకుంటూ నిలబడే నాకు ఆ చెంబు జాగ్రత్తగా పట్టుకోవాలనిపించింది.

బండి వాకిట్లోకి వచ్చేటప్పుడు చేసిన కీచు పిచ్చయ్య విన్నాడు. "ఏంది సార్, అట్ల అరుస్తాంది?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన ఇక్కడ ఒక మాట వాడారు. ముప్ఫై ఏళ్లు తెలుగులో పాఠం చెప్పిన మనిషి కదా. లూబ్రికెంటును పాఠ్యపుస్తకంలో కందెన అంటారు. "సరైన కందెన కుదరడం లేదండీ. మీ దగ్గర ఏదైనా కందెన ఉందా?" అన్నారు.

పిచ్చయ్య తాడు కింద పెట్టేశాడు. "ఏమంటివి?" అని మళ్లీ అడిగి, విని, లేచి గొడ్ల చావిడిలోకి పోయాడు. లోపల ఏవేవో కదుపుతున్న చప్పుడు. చేతిలో మూరెడు వెదురు గొట్టంతో బయటికొచ్చాడు. గొట్టం నిండా నల్లగా ఏదో ఎండిపోయి ఉంది.

"ఇదో, కందెన" అన్నాడు. "ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి మా నాయన చేసేవాడు. ఎద్దుల బండి ఇరుసుకు ఏసేది. బండి అమ్మేసినా, ఎద్దులు పోయినయి, గొట్టం మాత్రం ఉండాది. కందెన కావాలని మా ఇంటికి ఒకరు వచ్చి ఎన్నాళ్లయిందో సార్."

మా ఆయన అడిగింది ఒకటి, పిచ్చయ్య తెచ్చింది ఒకటి. పుస్తకంలో, పంతులుగారి సామెతలో తప్ప ఆ మాట ఇంకా ఒక ఇంట్లో బతుకుతోందని ఆయనకు తెలియదు. ఆ మాటకు ఇంకో అర్థం పుట్టిందని పిచ్చయ్యకు తెలియదు. ఇద్దరూ గొట్టంలోకి తొంగి చూస్తూ నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు.

తిరుపతమ్మ వచ్చి గొట్టం లాక్కుంది. "ఆ ఎండిపోయింది బండికేస్తావా? మొన్న కాచిన ఆముదం ఉండాది, అది పెట్టు."

"మసి లేకుండా కందెనేంది?"

"ఎద్దుల బండికి మసి. ఇది కారు. కారుకు మసి ఎవురన్నా పూస్తారా?"

తిరుపతమ్మది హనుమంతునిపాడు వైపు. ఆవిడ పుట్టింటి వాళ్లకు ఆముదమే సర్వరోగ నివారిణట. మోకాలి నొప్పికి ఆముదం, కంటి మంటకు ఆముదం, పసిపిల్లల మాడుకు ఆముదం, తలుపు బందులకు ఆముదం. "అల్లుడు మాట ఇనకపోతే ఆయప్పకూ ఆముదమే" అంటాడు పిచ్చయ్య. కారుకు పనికొస్తుందని ఆవిడకు ప్రత్యేకంగా ఏమీ తెలియదు. ఆముదం పనికిరాని చోటు లోకంలో లేదని మాత్రం తెలుసు.

ఇంతలో మా ఆయన వేలితో ఆముదం తీసుకుని రుద్ది చూస్తూ ఆలోచనలో పడ్డారు. తర్వాత క్లాసు గొంతు వచ్చింది. "అరుస్తున్నది ఇనుము కాదు. కమాన్ల చివర రబ్బరు బుష్షులు. పెట్రోలియం నూనె తగిలితే ఈ పాత రబ్బరు ఉబ్బుతుంది. నేను పోసిన కొద్దీ ఉబ్బి, ఇనుమును ఇంకా పట్టేసింది. ఆముదం చెట్టు నూనె. రబ్బరును ఏమీ చేయదు. నేను ఎప్పుడో అనుకున్నాను."

"ఎప్పుడు అనుకున్నారు?" అన్నాను.

"ఇప్పుడే" అన్నారు, నిజాయితీగా.

పాత జిడ్డంతా సబ్బునీళ్లతో కడిగాం. పిచ్చయ్య కోడి ఈక తెచ్చి, బండి కింద దూరి, ఒక్కో బుష్షుకూ ఆముదం పూశాడు. మా ఆయన టార్చి పట్టుకుని పక్కన పడుకున్నారు. ఇద్దరి కాళ్లూ బయటికి కనపడుతున్నాయి, లోపల కబుర్లు వినపడుతున్నాయి. కాసేపు నాననియ్యాల అని తిరుపతమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి జొన్న రొట్టెలు, శెనక్కాయల పచ్చడి, గడ్డపెరుగు పెట్టింది. ఎవరు, ఏం కులం, ఎక్కడికి అన్న ప్రశ్నలు రొట్టె సగం తిన్నాక గానీ రాలేదు. మా వైపు అవి వాకిట్లోనే వస్తాయి.

బయల్దేరేటప్పుడు ఒక చిన్న సీసాలో ఆముదం పోసి ఇచ్చింది. "ఆముదం తాగితే మొగం చిట్లించుకోవాల గదా, మీ కారు నవ్వుతానే ఉంది" అంది బండి ముందు జల్లెడ చూపించి.

వాకిలి దిగాం. గతుకు వచ్చింది. చప్పుడు లేదు. ఇంకో గతుకు. లేదు. కావాలని ఒక గుంటలోకి దింపాను. టైరు కింద కంకర చప్పుడు, నా చేతి గాజుల చప్పుడు, అంతే. ఆ బండిలో నా గాజుల మోత నేను వినడం అదే మొదటిసారి. నాకు పట్టరాని సంతోషం వేసింది. మా ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూస్తూ, దేన్నో పారేసుకున్న మనిషిలా చెవి రిక్కించి కూర్చున్నారు.

కంభం: చెరువు కట్ట మీద తగువు

కంభం చెరువును చెరువు అనడానికి నోరు రాదు. కొండల నడుమ ఆ నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. రెండు రోజులుగా చెంబు నీళ్లకు మర్యాద నేర్చుకున్న కళ్లకు అది పెద్ద విందు. కట్ట మీద బండి ఆపి దిగాం. గాలి చల్లగా ఉంది. పడమటి వైపు నల్లమల నీలంగా కనపడుతోంది.

అక్కడ నాకు బుద్ధి తిరిగింది. "వెనక్కి పోదాం" అన్నాను. "అరుపు పోయింది. పసిపిల్ల లేవదు. ఇంక ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. ఇంత బాగా నడిచే బండికి ఇంజను పీకేయించి దిమ్మె ఎక్కిస్తామా?"

"మాట ఇచ్చాను" అన్నారు.

"నన్ను అడిగి ఇచ్చారా?"

ఆయన కట్ట మీది రాయి ఒకటి తీసి నీళ్లలోకి విసిరారు. "స్టీరింగు నీ చేతిలో ఉంది. తిప్పితే తిప్పు. నేను ఏమీ అనను. శెట్టిగారు మాత్రం దిమ్మె కట్టించుకుని ఎదురు చూస్తున్నాడు. వద్దని ఫోన్ చేయడానికి నాకు నోరు రాదు."

కారులో కూర్చుని స్టార్ట్ చేశాను. కట్ట దిగిన చోట బండి తిప్పుకోవడానికి కావలసినంత జాగా ఉంది. నేను తిప్పలేదు. బ్యాంకులో అన్నేళ్లు పనిచేసిన మనిషిని, మాట ఇచ్చి తప్పిన వాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో చేరలేకపోయాను. గిద్దలూరు దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. బండి కూడా ఏ చప్పుడూ చేయలేదు, ఆ మౌనం ఇంకా బాధపెట్టింది.

గిద్దలూరు: అప్పగింతలు

శెట్టిగారిని చూడగానే కోపం తెచ్చుకుందామనుకున్నాను, కుదరలేదు. అంత మంచి మనిషి. "మీ బండి కూతపెట్టుకుంటా వస్తదని సార్ చెప్పినాడు. చెవులు అటే పెట్టుకుని ఉండా. మీరు గేటులోకి వచ్చిందాకా తెలియనే లేదు" అన్నాడు. ఆయన భార్య కాళ్లకు నీళ్లిచ్చి, వేడి వడలు, పాయసం పెట్టింది. కూతురు లావణ్య మార్కాపురంలో మందుల దుకాణం చూసుకుంటుందట, పెళ్లి కుదిరి ఇంటి దగ్గర ఉంది. మొదటి ఫొటో ఆ పిల్ల పెళ్లిలోనే తీయించాలని శెట్టిగారి ముచ్చట.

హాలు పక్కన దిమ్మె సిద్ధంగా ఉంది. తెల్ల టైల్సు, పైన ప్లాస్టిక్ పూల కమాను, గోడకు గులాబీ రంగు నమూనా. మా వైపు అప్పగింతల్లో పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడతారు. నేను తాళం చెవి శెట్టిగారి చేతిలో పెట్టాను. పాలు లేవు, కళ్లనీళ్లు మాత్రం వచ్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పుడు మా ఆయన డిక్కీ తెరిచారు. ఒక్కో డబ్బా తీసి దిమ్మె మీద పెడుతూ చెప్పుకుపోయారు. "ఇది ఇంజనుకు. కొత్త కార్లకు పోసే పల్చటి సింథటిక్ దీనికి వద్దు, పాత సీళ్లలోంచి కారిపోతుంది. ఇది వెనక ఇరుసుకు, తొంభై నంబరు. పొరపాటున కూడా కార్బురేటరులో పోయకండి. కార్బురేటరు మూత కింద కుట్టుమిషను నూనె, ఒక చెంచా. ఇది ఆముదం, రబ్బరు ఉన్నచోటల్లా, కోడి ఈకతో..."

శెట్టిగారు కాసేపు మర్యాదగా విన్నాడు. "సార్, ఇంజనే పీకేస్తాం గదా. ఈ నూనెలన్నీ ఎందుకు?" అన్నాడు మెల్లగా.

మా ఆయన చేతిలో ఆముదం సీసా అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో నూనె గురించి అడిగితే ఆయన జవాబు చెప్పలేకపోవడం నేను చూడలేదు. ఆ బండి మీద ప్రేమ నాకొక్కదానికే అనుకున్నాను. నడపడం రానివాళ్లకు ప్రేమ ఉండదని ఎవరు చెప్పారు నాకు?

లావణ్య ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. తండ్రి చేతిలో తాళం చెవి తీసుకుంది. "పెద్దమ్మా, ఒకసారి నేను నడిపి చూసేదా?" అంది.

ఆ పిల్లకు కొత్త కారు నడపడం వచ్చు. దీని గేరు దొరకడానికి అవస్థ పడింది. "నీ వైపుకు లాగి కిందికి, అది మొదటిది. తోసెయ్యకు, నెమ్మదిగా" అని పక్కన కూర్చుని చెప్పాను. రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. నంద్యాల రోడ్డు మీద కొంత దూరం పోయేసరికి చేతికి అలవాటు పడింది. తిప్పుడు అద్దం వంచి మొహానికి గాలి పట్టుకుని పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఒక గంట క్రితం ఏడ్చిన మనిషిని.

హాలుకు తిరిగి వచ్చి, దిగకుండానే తండ్రిని పిలిచింది. "నాయనా, దీని ఇంజను తీయొద్దు."

"అదేంది మ్మా, దిమ్మె కట్టిచ్చినా గదా?"

"దిమ్మె మీద పూలకుండీలు పెట్టుకో. పెళ్లినాడు విడిది కాడి నుంచి నేనే నడుపుకుంటా వస్తా దీంట్లో."

"పెళ్లికూతురు నడుపుకుంటా వచ్చేదేంది? ఊళ్లో నవ్వరా?"

"నవ్వనీ నాయనా. నవ్వేదానికే గదా పెళ్లి" అంది.

శెట్టిగారి భార్య ముందు నవ్వింది. ఆయన గడ్డం గోక్కున్నాడు, దిమ్మె వైపు చూశాడు, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వ్యాపారం చేసే మనిషి కదా, లెక్క ఎక్కడో కుదిరినట్టుంది. "నిలబెడితే హాలుకొచ్చినోళ్లే చూస్తారు. తిరిగితే ఊరంతా చూస్తది" అని తనలో తాను అనుకుని, మా ఆయన దగ్గరికి వచ్చి దిమ్మె మీద కూర్చున్నాడు. "సార్, ఇందాక చెప్తిరే, ఏ నూనె యాడ పొయ్యాలని. మళ్లా మొదట్నుంచి చెప్పండి."

మా ఆయన చెప్పారు. మొదటినుంచి, ఒక్క డబ్బా వదలకుండా. మధ్యలో రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

సాయంత్రం రైలుకు లావణ్యే మమ్మల్ని స్టేషనుకు దింపింది. మా ఆయన అలవాటుగా ముందు కూర్చున్నారు. నేను వెనక తలుపు తీశాను. కొన్న నాటి నుంచి ఆ బండి వెనక సీట్లో నేను కూర్చోలేదు. ఎంత మెత్తగా ఉందో, కాళ్లు చాపుకోవడానికి ఎంత చోటుందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నా వెనక కూర్చున్న వాళ్లంతా ఇంత సుఖపడ్డారా అనుకున్నాను.

స్టేషను దగ్గర గేటు వేసి ఉంది. గూడ్సు బండి పోయి గేటు లేచేసరికి లావణ్యకు మొదటి గేరు దొరకలేదు. వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. మా ఆయన ముందుకు వంగి, "క్లచ్ పూర్తిగా తొక్కమ్మా, నీ వైపుకు లాగి..." అని మొదలుపెట్టారు.

నేను వెనక నుంచి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "ఊరుకోండి. బండి ఆ అమ్మాయిది."